ఖాళీ బెంచి మీద మొదటి మనిషి

ఆదివారం పొద్దున కాలువ నీళ్లు మడిలోకి తిప్పుతుంటే ఫోను మోగింది. బాన్సువాడలో పెద్ద దవాఖాన ఎదురుగా చాయ్ బండి పెట్టుకున్న కుర్రాడు. ఆదివారం వాడికి నాతో పనేముంటుందని అనుకుంటూనే ఎత్తాను.

"అన్నా, కండక్టర్ సాబ్ పోయిండు. తెల్లారంగ ఛాతిల నొప్పి లేసిందంట. ఆటోల ఏసుకొని వస్తుంటె తొవ్వలనే అయిపోయింది."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట ఏడుపు రాలేదు. "ఎల్లుండి మంగళవారం కదా, మరి బెంచి?" అనుకున్నాను. మనిషి పోయాడంటే బెంచి గుర్తుకు రావడం ఏమిటని మీకనిపించవచ్చు. మీలో ఎవరైనా మంగళవారం పొద్దున ఆ దవాఖానకు వెళ్లి ఉంటే మాత్రం ఆయన్ని చూసే ఉంటారు. వరండా చివర, ఆఖరి గది ముందు చెక్క బెంచి. దాని మూల మీద పరిచిన తెల్ల తువ్వాల. తువ్వాల మీద, కాళ్లు కిందికి చాపుకుని, ఊరికే కూర్చున్న ఒక ముసలాయన. ఆయనే.

ముప్పై ఏళ్లకు పైగా ఎర్రబస్సులో టికెట్లు కొట్టిన మనిషి కాబట్టి ఊరందరికీ కండక్టర్ సాబ్. రిటైరై ఎన్నేళ్లయినా ఆ పిలుపు పోలేదు, గొంతూ తగ్గలేదు. ఆ ఆఖరి గదిలో మంగళవారం ఒక్కపూట పట్నం నుంచి మనసుకు వైద్యం చేసే డాక్టరు వచ్చి కూర్చుంటారు. ఊళ్లో ఆయనకు పిచ్చి డాక్టరు అనే పేరు స్థిరపడిపోయింది. ఒక్క కండక్టర్ సాబ్ మాత్రం "మనాది డాక్టర్" అనేవారు. మనసులో దిగులు పేరుకుపోయి మనిషిని తినేస్తుంటే ఇక్కడ మనాది పట్టింది అంటారు. "మనాది లేనోడు ఎవడున్నడు జెప్పు? కొందరికి జర ఎక్కువ, కొందరికి జర తక్కువ" అని ఆయన వాదన.

నాకు జర ఎక్కువే పట్టింది. మాది కోటగిరి దగ్గర క్యాంపు. మా తాతల కాలంలో నిజాంసాగర్ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు మావి. పొలం పనిలో మమ్మల్ని మించినవాళ్లు లేరని మా వాళ్లకు కాస్త గర్వం కూడా. అలాంటి ఇంట్లో మూడేళ్ల కిందట, నాట్ల రోజుల్లో, నేను మంచం దిగలేదు. ఒంట్లో జ్వరం లేదు, నొప్పి లేదు. లేవాలని ఉండేది కాదు, అంతే. నారుమడిలో నారు ముదిరిపోతోందని తెలుసు. తెలిసి గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ని. అన్నం మట్టి నమిలినట్టు ఉండేది. బంధువులు వచ్చి మంచం పక్కన కూర్చుని "నీకేం తక్కువయ్యా?" అని అడిగేవాళ్లు. అది ప్రశ్న కాదు, తిట్టు. నాకూ జవాబు తెలియక ఇంకా కుంగిపోయేవాణ్ని. మా అమ్మ మొదట దిష్టి తీసింది, తరువాత మొక్కుకుంది, చివరికి మా ఊరి ఆర్.ఎం.పి. దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన మంచివాడు. నాడి చూసి, "ఇది నా సూదికి లొంగేది కాదు. మంగళవారం బాన్సువాడ పోండి, ఆఖరి గది" అన్నాడు.

నాలుగు మంగళవారాలు వెళ్లాను. గేటు దాకా. బండ్లు పెట్టే చోట నిలబడి ఆ వరండా వైపు చూసేవాణ్ని. ఆ గది ముందు నిలబడితే ఎవరు చూస్తారో, క్యాంపులో ఎవరికి చెబుతారో అని కాళ్లు కదిలేవి కావు. ఇంటికి రాగానే అమ్మ ఎదురొచ్చేది.

"ఏరా, చూపించుకున్నావా? ఏమన్నారు?"

"డాక్టరు రాలేదమ్మా."

నాలుగు వారాలూ అదే అబద్ధం. పాపం, ఆవిడ ఆ డాక్టర్ని నోటికొచ్చినట్టు తిట్టింది.

అయిదో వారం బండ్ల దగ్గర నిలబడి ఉంటే, బెంచి మీది ముసలాయన నన్నే చూస్తూ కేక వేశారు. బస్టాండు గొంతు అది.

"ఏ ఊరు?"

"కోటగిరి దగ్గరండి."

"గా ఎండల ఏం చేస్తున్నవ్? రా, కూసో. సీటున్నది."

వెళ్లి బెంచి చివర సగం ఒరిగి కూర్చున్నాను. ఎందుకొచ్చావని ఆయన అడగలేదు. వరి ఎట్లుందన్నారు, కాలువ నీళ్లు వదిలారా అన్నారు. ఇంత హాయిగా ఉన్న మనిషికి కూడా ఈ జబ్బు ఉందంటే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. గొంతు తగ్గించి అడిగాను.

"మీకు ఎన్నాళ్లుగా అండి?"

"ఏంది?"

"ఇదే... జబ్బు."

ఆయన పకపకా నవ్వారు. "నాకేం లేదు కొడుకా. బీపీ గూడ లేదు. నేను ఉట్టిగనే కూసుంటున్న."

ఉట్టిగనే! జబ్బు లేని మనిషి ఆ గది ముందు కూర్చోవడమా? నాకు అర్థం కాలేదు. నేను కూర్చున్న పది నిమిషాలకు వేపచెట్టు కింద నుంచి ఒకామె వచ్చి కూర్చుంది. తరువాత సైకిలు స్టాండు దగ్గర్నుంచి ఒక పంతులుగారు. అప్పటిదాకా వాళ్లంతా నాలాగే ఎక్కడెక్కడో నిలబడి ఫోన్లు చూసుకుంటూ, ఇంకేదో పని మీద వచ్చినట్టు నటిస్తున్నారు. బెంచి నిండగానే కండక్టర్ సాబ్ లేచారు. ఆఖరున వచ్చినవాళ్లను తన తువ్వాల మీద కూర్చోబెట్టి, గది ద్వారబంధం మీద రెండు వేళ్లతో టకటకా కొట్టి "రైట్ రైట్" అన్నారు. చాయ్ బండి వైపు వెళ్లిపోయారు. లోపలున్న డాక్టరు నవ్వి మొదటి చీటీ పిలిచారు.

తరువాత చాలా వారాలకు ఆయనే చెప్పారు. "ఖాళీ బెంచి మీద ఎవ్వరు కూసోరు కొడుకా. బస్సుల గూడ అంతే. ఎవడన్న ఒక్కడు ఎక్కి కూసుంటె, ఇది పొయ్యే బండే అని పది మంది ఎక్కుతరు."

ఆయన వైద్యం మొత్తం ఇంతే. మొదట కూర్చోవడం, నిండాక లేవడం. ఎనిమిది గంటలకు సైకిలు మీద వచ్చేవారు. తువ్వాలతో బెంచి తుడిచి, దులిపి, మూల మీద పరిచేవారు. కిక్కిరిసిన బస్సులో సీటు కోసం కిటికీలోంచి తువ్వాల వేస్తాం చూడండి, అచ్చం అలాగే. పనయ్యాక ఆ తువ్వాలను గది తలుపు వెనక మేకుకు తగిలించి వెళ్లేవారు. ఊడ్చే ఆయమ్మ దాన్ని ఉతికి ఆరేసేది, ఆయన రావడం కాస్త ఆలస్యమైతే తనే పరిచి పెట్టేది. కొత్తగా వచ్చిన నర్సమ్మ ఒకసారి ఆయన పేరూ వయసూ రాసుకుని చీటీ ఇచ్చేసింది. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, "నాకు గూడ టికెట్ దొరికింది" అని అందరికీ చూపించి మురిసిపోయారు.

ఊరు ఊరుకుంటుందా? రిటైరయ్యాక కండక్టర్‌కు తిక్క లేసిందన్నారు. చుట్టాల్లో ఎవరో ఆయన భార్యను పక్కకు పిలిచి "ఎన్ని దినాల సంది ఇట్లున్నడు?" అని కూడా ఆరా తీశారట. ఆవిడ ఇంటికొచ్చి కూర గిన్నె నేలకేసి కొట్టిందని చెబుతూ ఆయన మళ్లీ నవ్వారు. ఆ నవ్వు ఇక వినబడదంటే నమ్మబుద్ధి కావడం లేదు.

ఊరికే కూర్చున్నారనడం కూడా పూర్తి నిజం కాదు. డాక్టరు రాసిన మందుల కోసం మొదట్లో మేము అందరితో పాటు పెద్ద కిటికీ దగ్గర వరసలో నిలబడాల్సి వచ్చేది. అక్కడ పేరు గట్టిగా పిలిచేవాళ్లు, మాత్రల పేరూ గట్టిగానే. వరసంతా వెనక్కి తిరిగి చూసేది. కండక్టర్ సాబ్ పెద్ద డాక్టరమ్మ గదిలోకి నేరుగా వెళ్లి, "అమ్మా, టికెట్ బస్సులనే ఇస్తం గద. బస్టాండ్ల నిలబెట్టి కేకేసి ఇస్తమా?" అని అడిగారట. ఆవిడ ఆలోచించారు. నెల తిరిగేసరికి మా మందులు ఆ ఆఖరి గదిలోనే, చేతికే ఇవ్వడం మొదలైంది. ఇది చదివేవాళ్లకు చిన్న సంగతి. మిషన్ కుట్టుకుని బతికే ఒక అక్క ఉంది మా బెంచి మీద. మూడేళ్లలో ఆవిడ నోట "ఆఁ" తప్ప రెండో మాట నేను వినలేదు. ఆ కిటికీ దగ్గర పేరు పిలిచినందుకు ఆవిడ ఎన్నోసార్లు మందులు వదిలేసి ఇంటికి వెళ్లిపోయింది. ఆ రోజు గదిలోనే పొట్లం చేతికి వస్తే, ఆవిడ దాన్ని కళ్లకద్దుకుంది.

నా సంగతికొస్తే, ఆరు నెలలకు అన్నం రుచి తెలిసింది. నిద్ర పట్టింది. ఇంకేముంది, మగాణ్ని, మందులు మానేశాను. మంగళవారాలూ మానేశాను. రెండు నెలలు దర్జాగా తిరిగాను. మళ్లీ గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలవుతున్న రోజుల్లో, ఒక మిట్టమధ్యాహ్నం మా వాకిట్లో కండక్టర్ సాబ్. షేర్ ఆటో దిగి కిలోమీటరు నడిచి వచ్చారు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది.

"ఊరికే గీ దిక్కు వచ్చిన" అన్నారు మా అమ్మతో. ఆవిడ మజ్జిగ ఇచ్చింది. ఆయన దవాఖాన మాటే ఎత్తలేదు. వరి గురించి, చెరకు గురించి, మా గేదె గురించి కూడా మాట్లాడారు. బండి మీద రోడ్డు దాకా దింపాను. బండి దిగాక నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఒక్క మాట కొడుకా. బస్సు సాఫీగ పోతున్నదని డ్రైవర్ నడుమల దిగిపోతడా?"

నేను బండికి స్టాండు వేశాను.

"మంగళారం సీటు పట్టి పెడత. రా" అన్నారు.

ఆటో కోసం నిలబడ్డ ఆ పావుగంటలోనే ఆయన ఆ సంగతి చెప్పారు. ఇదంతా ఎందుకు చేస్తారు మీరు అని నేనే అడిగాను.

బిచ్కుంద రూటులో డ్యూటీ చేసే రోజులు. సంత రోజు, బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఒక తల్లి, ఇరవై ఏళ్ల కొడుకు ఎక్కారు. ఆ పిల్లాడు తనలో తాను మాట్లాడుకుంటున్నాడు, నవ్వుతున్నాడు, ఉన్నట్టుండి అరుస్తున్నాడు. ముగ్గురు కూర్చునే సీటులో ఆ ఇద్దరే ఉన్నారు. మూడోది ఖాళీ.

"నా సర్వీసు మొత్తంల, నిండిన బస్సుల ఖాళీ సీటు చూసింది గదొక్కటే కొడుకా. నిలబడి ఒకని మీద ఒకడు పడుతుండ్రు గని, ఆ పోరని పక్కకు ఎవ్వడు కూసోలే. నేను గూడ కూసోమని ఎవ్వనికి చెప్పలే. తర్వాత జనం లొల్లి పెట్టిండ్రు, దించెయ్, దించెయ్ అని. నేను సీటీ కొట్టి బస్సు ఆపిన."

ఆయన కాసేపు రోడ్డు వైపు చూశారు.

"టికెట్ కొట్టినోళ్లను, ఊరు రాకముందే, నడి తొవ్వల ఎండల దించిన. ఆ తల్లి మరాఠీల ఏదో అన్నది. నాకు సమజ్ కాలే. సమజ్ కానట్టు చేసిన, కరెక్టుగ చెప్పాల్నంటె. మల్ల ఎన్ని ట్రిప్పులు తిరిగినా వాళ్లు నా బస్సు ఎక్కలే. ఎంత వెతికిన కొడుకా."

ఆటో వచ్చింది. ఎక్కుతూ ఎక్కుతూ ఆయన అన్న మాట ఇది. "ఆ దినం నేను పోయి ఆ మూడో సీట్ల కూసుంటె అయిపోతుండె. ఒక్క నిమిషం పని."

అప్పటి నుంచి నేను ఒక్క మంగళవారం తప్పలేదు. ఇప్పుడు బాగున్నాను. మూడు నాట్లు నా చేతుల మీదుగా వేయించాను. అయినా ఒక్కటి ఒప్పుకోవాలి. ఈ మూడేళ్లలో ఏనాడూ ఆ బెంచి మీద మొదట కూర్చున్నది నేను కాదు. గేటులోకి రాగానే కళ్లు ఆ మూల వెతికేవి. తెల్ల తువ్వాల, దాని మీద ఆయన కనబడితేనే కాలు ముందుకు పడేది. ఆయనతో ఎన్నెన్ని మాట్లాడానో కానీ ఈ సంగతి మాత్రం చెప్పలేదు. మీరుంటే నాకు భయం లేదు అని ఒక్కసారి అని ఉంటే ఎంత బాగుండేది. చెప్పడానికి వారం వారం ఆయన ఉంటారనుకున్నాను.

ఆదివారం సాయంత్రమే దహనం చేశారు. నేను వెళ్లాను. బెంచి మీది వాళ్లు కూడా చాలామంది వచ్చి, అలవాటు ప్రకారం దూరం దూరంగా నిలబడ్డారు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది.

"క్యాంపు బిడ్డవు గద. నీ గురించి శాన చెప్పిండు. గోలీలు ఏసుకుంటున్నవా?"

భర్తను పోగొట్టుకున్న ఆవిడ అడిగిన మాట అది. నాకప్పుడు వచ్చింది ఏడుపు.

మంగళవారం పొద్దున నేను బండి తీస్తుంటే అమ్మ వాకిట్లోకి వచ్చింది.

"నీ మాత్రలు ఇంకా ఉన్నాయిగా నాన్నా. ఆయన లేని చోటికి ఇవాళే వెళ్లాలా? వచ్చే వారం వెళ్దువుగాని."

"వచ్చే వారం కూడా ఆయన ఉండరు కదమ్మా."

ఆవిడ పక్కకు జరిగి బండికి దారి ఇచ్చింది.

ఎనిమిది దాటి పది నిమిషాలకు చేరాను. గేటులోకి రాగానే కళ్లు మూలకే పోయాయి. తువ్వాల ఉంది! ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఫోను రాలేదనీ దహనం జరగలేదనీ అనిపించింది. చాయ్ తాగడానికి వెళ్లి ఉంటారు, వచ్చేస్తారు అనుకున్నాను. చీపురు పట్టుకుని ఆయమ్మ నిలబడి ఉంది.

"చేతులే పరిచినయి బాబూ, అలవాటుకొద్ది. పరిచినంక యాదికొచ్చింది" అంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

బెంచి మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు ఖాళీ. వేపచెట్టు కింద మిషనక్క నిలబడి ఉంది. సైకిలు స్టాండు దగ్గర పంతులుగారు ఫోను చూసుకుంటున్నారు. ఇంకా ముగ్గురు నలుగురు మందుల కిటికీ దగ్గర, చాయ్ బండి దగ్గర. అందరూ వచ్చారు. అందరూ ఇంకేదో పని మీద వచ్చినట్టే ఉన్నారు. నేనూ బండి పక్కనే నిలబడిపోయాను, మూడేళ్ల కిందట నిలబడిన చోటే.

అప్పుడే బిచ్కుంద బస్సు దిగి ఒకామె వచ్చింది. ఈ ఆవరణ కొత్త అని నడకలోనే తెలుస్తోంది. చేతిలో మడత పెట్టిన కాగితం. రెండో చేత్తో ఎదిగిన కొడుకు మణికట్టు పట్టుకుని ఉంది. ఆ కుర్రాడి చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. నేలకేసి చూస్తూ ఏదో గొణుగుతున్నాడు. ఆమె ఆఖరి గది దాకా వెళ్లింది. తలుపు చూసింది, ఖాళీ బెంచి చూసింది, దూరంగా నిలబడ్డ మమ్మల్ని చూసింది.

"డాక్టర్ రానట్టున్నడు. ఎవ్వరు లేరు" అంది కొడుకుతో. "పా బిడ్డా, పోదాం."

వెనక్కి తిరిగింది. ఇప్పుడు వెళ్తే మళ్లీ రాదు. అది నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. నాలుగు వారాలు వెనక్కి తిరిగినవాణ్ని. గేటు వైపు చూశాను. సైకిలు రావడం లేదు.

వరండా ఎక్కాను. ఎలా నడిచానో తెలియదు. ఎవరు చూస్తున్నారో చూడలేదు. వెళ్లి ఆ ఖాళీ బెంచి మీద, తువ్వాల పక్కన, కూర్చున్నాను. చెక్క చల్లగా ఉంది. ఆయన కూర్చుని వెచ్చబెట్టిన బెంచి మీద కూర్చోవడమే ఇన్నాళ్లూ నాకు తెలుసు.

"అక్కా" అని పిలిచాను. గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. "డాక్టరు తొమ్మిదికి వస్తారు. రండి, కూర్చోండి. సీటు పట్టి ఉంచాం."

ఆమె అనుమానంగా చూసింది. "మా కోసమా?"

తువ్వాల తీసి భుజాన వేసుకున్నాను. "మీ కోసమే."

కుర్రాడు నా పక్కనే కూర్చున్నాడు, వాడి పక్కన తల్లి. వాడు ఉన్నట్టుండి గట్టిగా నవ్వాడు. ఆమె కంగారుగా వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. "ఉండనివ్వండి" అన్నాను. కాసేపటికి వేపచెట్టు కింద నుంచి మిషనక్క వచ్చి అటు చివర కూర్చుంది. తరువాత పంతులుగారు ఫోను జేబులో పెట్టుకుని వచ్చారు. తరువాత మరొకరు. డాక్టరు వచ్చి లోపలికి వెళ్తూ మా అందరినీ చూసి తల ఊపారు. ఆఖరున కర్ర పట్టుకుని ఒక ముసలవ్వ వచ్చింది. చోటు లేదు. నేను లేచాను.

నిలబడితే గది ద్వారబంధం నా భుజానికి తగిలింది. నీలం రంగు వేసి ఎన్నాళ్లయిందో. ఒక్కచోట మాత్రం రెండు వేళ్ల మేర రంగు అరిగిపోయి లోపలి చెక్క నున్నగా బయటపడి ఉంది. ఆ అరుగుదల మీద నా రెండు వేళ్లు ఆనించాను. సరిగ్గా పట్టాయి. రెండుసార్లు కొట్టాను. ఆ తరువాత అనవలసిన మాట గొంతులోకి రాలేదు. ఆయన తువ్వాల కొసను పట్టుకుని అలాగే నిలబడ్డాను.

బెంచి చివర నుంచి, తలెత్తకుండా, నేల వైపే చూస్తూ, మిషనక్క మెల్లగా అంది.

"రైట్ రైట్."